కారు పెయింటుకు కరుచుకున్న మురికి: రుద్దకముందే వదిలించే పద్ధతి

కారును షాంపూతో శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరబెట్టిన తరువాత కూడా బానెట్ మీద అరచెయ్యి పెట్టి జరిపితే గరగరమని తగులుతోందంటే, మిగిలిన మురికి పెయింటు మీద ఊరికే పడి లేదని, పెయింటుకు కరుచుకుని ఉందని అర్థం. ఎన్నిసార్లు నీళ్లు కొట్టినా అది వదలదు. ఈ దశలో చాలామంది అంట్లు తోమే స్క్రబ్బర్‌తో బలంగా రుద్దుతారు, లేదా పాలిష్ షాపుకు తీసుకెళ్లి మెషీన్‌తో కాంపౌండ్ (పెయింటు పై పొరను అరగదీసి నున్నచేసే పేస్టు) కొట్టిస్తారు. ఎలా చేసినా మురికి పోయేమాట నిజమే కానీ, దానితోపాటు పెయింటు పై పొర కూడా కొంత అరిగిపోతుంది. ఇప్పటి కార్లలో రంగుకు పైన, దానికి రక్షణగా ఉండే క్లియర్ కోటు సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్ల మందం మాత్రమే ఉంటుంది. తల వెంట్రుక మందం కన్నా ఇది తక్కువ. ఎండను ఆపేది, మెరుపునిచ్చేది ఈ పొరే. ఒకసారి అరిగిన క్లియర్ కోటు మళ్లీ పెయింటు వేయిస్తే తప్ప తిరిగి రాదు కాబట్టి, ఏ మురికి దేనికి కరుగుతుందో చూసి ముందు కరిగించాలి, కరగకుండా మిగిలినదాన్ని క్లేతో (రేణువులను పట్టి లాగే మెత్తటి ముద్దతో) లాగాలి, పాలిష్ జోలికి అన్నింటికన్నా చివర, నిజంగా అవసరమైతేనే వెళ్లాలి. ఈ వరుస తప్పకపోతే చాలా కార్లకు కాంపౌండ్ అవసరమే రాదని నా గట్టి నమ్మకం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కార్లకు పట్టే మురికిలో కొన్ని రకాలు ప్రత్యేకంగా కనిపిస్తాయి. వాటిలో మొదటిది ఇనుప రజను. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ బ్రేకు వేయక తప్పదు. అలా వేసినప్పుడల్లా డిస్కుల నుంచి, ప్యాడ్ల నుంచి సన్నని పొడి రాలి, చక్రాల మీద, డోర్ల కింది భాగాల మీద, వెనుక బంపర్ మీద పడుతుంది. రేణిగుంట జంక్షన్ దగ్గరో, తిరుపతి స్టేషన్ చుట్టుపక్కలో రోజూ కారు నిలిపేవారికి రైలు చక్రాల నుంచి, పట్టాల నుంచి లేచే ఇనుప రజను కూడా తోడవుతుంది. వెల్డింగ్ షాపు పక్కన, గ్రిల్ పని జరిగే చోట నిలిపినా ఇదే పరిస్థితి. ఈ రేణువులు క్లియర్ కోటులో గుచ్చుకుని, తేమ తగిలి తుప్పు పట్టి, తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కలుగా బయటపడతాయి. ముదురు రంగు కార్ల మీద కంటికి కనబడవు, చేతికి మాత్రం తగులుతాయి. చుక్కలు కనిపించగానే పెయింటే తుప్పు పట్టిందని కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు తుప్పు పట్టేది కారు రేకు కాదు, బయటి నుంచి వచ్చి పడిన రేణువు.

రెండోది బోరు నీటి మరక. మన వైపు చాలా బోర్ల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఎండలో కడిగి, తుడవకుండా వదిలేసిన కారు మీద నీళ్లు ఆవిరై లవణాలు మాత్రం మిగిలిపోయి, గుండ్రటి తెల్ల మచ్చలవుతాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఇంట్లో ఆర్వో ఫిల్టరు వదిలే వృథా నీటిని పట్టి ఉంచి కారు కడగడం చాలా ఇళ్లలో అలవాటు. నీళ్లు పారబోయకూడదన్న ఆలోచన మంచిదే, కానీ ఆ వృథా నీటిలో ఉండేవి ఫిల్టరు తీసేసిన లవణాలే. బోరు నీటి కన్నా అందులో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, ఎక్కువ. దాన్ని ఇల్లు కడగడానికో, బాత్‌రూమ్‌కో వాడుకోండి, కారు పెయింటు మీద మాత్రం పోయకండి. చివరి కడుగుకు 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్‌లో సగం చాలు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి ఉంచినా పనికొస్తాయి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు.

మూడోది మామిడి. సంక్రాంతి తరువాత పూత మొదలయ్యే రోజుల్లో చెట్టు కింద కారు నిలిపితే, పూత మీద చేరే తేనె మంచు పురుగు విడిచే తియ్యని జిగురు అద్దాల మీద, రూఫ్ మీద సన్నని తుంపరగా పడి అంటుకుంటుంది. దాన్ని కొన్నాళ్లు పట్టించుకోకపోతే దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. కాయలు కోసే రోజుల్లో తొడిమ నుంచి కారే సొన పడితే అది అంతకన్నా మొండిది. దామలచెరువు, బంగారుపాళెం మార్కెట్ల వైపు కాయలు తోలేవారి బండ్ల మీద ఈ సొన చారలు ఏటా కనిపిస్తాయి. ఇవి కాక రోడ్డు పనులు జరిగేచోట ఎగిరిపడే తారు చుక్కలు, గ్రానైటు కోసే యూనిట్ల దగ్గరి రాతిపొడి, ఇల్లు కట్టే చోట పడే సిమెంటు పాలు, పక్షి రెట్టలు ఉండనే ఉన్నాయి.

కొత్త కారుకు కాణిపాకంలోనో, అలిపిరి దగ్గరో పూజ చేయించినప్పుడు పెట్టే పసుపు, కుంకుమ, గంధం విషయం వేరు. ఇవి మురికి కాదు, కానీ పొడిగా ఉన్నప్పుడే గుడ్డతో తుడిచేస్తే వాటిలోని నలుసులు గీతలు పెడతాయి. తుడవకుండా ముందు నీళ్లు పోసి జార్చేయాలి. తెల్ల కారు మీద పసుపు చార మిగిలితే గాబరాపడి రుద్దవద్దు, పసుపులోని రంగు ఎండ తగిలితే తనంతట తానే వెలిసిపోతుంది. కుంకుమ అలా పోదు, తడిసిన కుంకుమను ఆ రోజే షాంపూ నీళ్లతో కడిగేయడం మంచిది. ఇంత చెప్పి పూజ మానమని కాదు. బొట్లు బానెట్ మీద కన్నా నంబరు ప్లేటు మీదో, అద్దం మీదో పెట్టమని పూజారి గారిని అడిగితే కాదనరు.

ఇక పని. నీడ ఉన్నచోట, తెల్లవారుజామునో, సాయంత్రం పొద్దు వాలాకో మొదలుపెట్టాలి. ఎండాకాలంలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటే ఎండకు కాలిన బానెట్ మీద ఏ రసాయనమైనా నిమిషంలో ఎండిపోయి, తీయాల్సిన మచ్చకు తోడు కొత్త మచ్చను మిగులుస్తుంది. బానెట్ మీద అరచెయ్యి హాయిగా ఆనించి ఉంచగలిగేంత చల్లబడ్డాకే చెయ్యి వేయాలి. ఇంజన్ వేడి కూడా తగ్గాలి, కాబట్టి తిరిగొచ్చిన వెంటనే మొదలుపెట్టకూడదు.

మొదట నీళ్లు ధారగా పోసి వదులుగా ఉన్న దుమ్మునంతా దించేయాలి. రాతిపొడి పట్టిన కారైతే ఈ పనికే ఎక్కువ సమయం కేటాయించండి, ఎందుకంటే గ్రానైటులోని క్వార్ట్జ్ క్లియర్ కోటు కన్నా చాలా గట్టిది, దాని మీద ఒక్కసారి పొడిగుడ్డ తిప్పినా ఎండలో సాలెగూడులాగా కనిపించే గీతలు పడతాయి. తరువాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కార్ షాంపూ కలిపిన నీళ్లు, రెండోదానిలో మామూలు నీళ్లు. చేతికి తొడుక్కునే మెత్తటి మైక్రోఫైబర్ మిట్‌ను షాంపూలో ముంచి, పైనుంచి కిందికి ఒక డోరో, సగం రూఫో కడిగి, మళ్లీ షాంపూలో పెట్టేముందు మామూలు నీళ్ల బకెట్‌లో జాడించాలి. మురికి ఆ బకెట్‌లో ఉండిపోతుంది, కారు మీదికి తిరిగి రాదు. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పౌడరు వాడవద్దు, అవి ఉన్న వ్యాక్స్‌ను ఊడదీయడమే కాక రబ్బరు బీడింగులను ఎండబెడతాయి. చక్రాలకు వేరే గుడ్డ, వేరే నీళ్లు ఉండాలి. నీళ్లతో ఇంకా తడిగా ఉండగానే, ఒక పలుచని ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి దూర్చి, వేళ్లతో పెయింటును మెల్లగా తడమండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోట కూడా కవర్ గుండా ఇసుకలాంటి గరుకు తెలుస్తుంది. ఎక్కడెక్కడ గరుకుగా ఉందో గుర్తుపెట్టుకోండి, మిగతా చోట క్లే తిప్పాల్సిన పని లేదు.

కరిగించే వరుసలో తారు ముందు. తారు చుక్క కింద ఇనుప రజను దాగి ఉండవచ్చు, పైది తీయకుండా కిందిదానికి మందు తగలదు. తారు తీసే ద్రావణాన్ని, అది దొరకకపోతే కొద్దిపాటి కిరోసిన్‌ను, మెత్తటి తెల్లగుడ్డ మీద వేసి ఆ గుడ్డను చుక్క మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. గుడ్డ ఎత్తి చూస్తే నల్లటి చుక్క అంచులు కరిగి, గోధుమరంగు తీగలై జారుతూ కనిపిస్తాయి. అప్పుడు గుడ్డలో శుభ్రమైన మడతతో, నొక్కకుండా, ఒకేవైపుకు ఎత్తి తీసేయాలి. పూర్తిగా పోకపోతే మళ్లీ ఆనించండి, గోటితో గీకవద్దు. పెట్రోలు అసలు వాడకూడదు, ప్రమాదమే కాక పెయింటుకూ కఠినమైనది. కిరోసిన్ వాడినా చుట్టుపక్కల నిప్పు లేకుండా, గాలి ఆడే చోట వాడి, ఆ భాగాన్ని వెంటనే షాంపూతో కడిగేయాలి, లేకుంటే మిగిలిన జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది. స్టిక్కర్ ఊడదీశాక మిగిలే జిగురుకూ ఇదే పద్ధతి, స్టిక్కర్‌ను మాత్రం ముందు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చజేసి మెల్లగా లాగాలి.

ద్రావణం ఏదైనా ముందు డోరు లోపలి అంచులో ఒక రూపాయి బిళ్లంత చోట పరీక్షించండి. కంపెనీ పెయింటు తట్టుకుంటుంది కానీ, టింకరింగ్ షెడ్డులో తిరిగి పెయింటు వేసిన భాగాలు ఒక్కోసారి తట్టుకోలేవు. గుడ్డకు కారు రంగే అంటుతుంటే అక్కడితో ఆపేయండి.

తారు తరువాత ఇనుము. ఇనుప రజను తీసే స్ప్రేలో సాధారణంగా థయోగ్లైకొలేట్ లవణం ఉంటుంది. అది ఇనుముతో కలిసి నీళ్లలో కరిగే పదార్థంగా మారేటప్పుడు ఊదా రంగు వస్తుంది. తడి ఆరిన, చల్లటి పెయింటు మీద స్ప్రే చేసి చూస్తూ ఉండండి. తెల్ల కారు డోరు కింది భాగంలో అయితే ముందు సూదిమొనలంత ఊదా చుక్కలు అక్కడక్కడ పుడతాయి, నిమిషం తిరిగేసరికి ఒక్కో చుక్క నుంచి సన్నని చార కిందికి పారుతుంది, చక్రాల మీద మొత్తం రంగే మారిపోతుంది. ఆ రంగు వచ్చిందంటే మందు పనిచేస్తోందని, రాని చోట ఇనుము లేదని లెక్క. సీసా మీద రాసినంతసేపే, మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, ఎండిపోకముందే ధారాళంగా నీళ్లతో కడిగేయాలి. వాసన గంధకంలా ఘాటుగా ఉంటుంది కాబట్టి గ్లవ్స్ తొడుక్కుని, ఆరుబయట చేయండి. చుక్కలు మిగిలితే అదే రోజు రెండోసారి వేయవచ్చు. ఇంత పని రుద్దుడు లేకుండా జరిగిపోతుంది, అందుకే ఉన్న కొద్ది డబ్బుతో ఒక్క సీసా కొనగలిగితే పాలిష్ డబ్బా కన్నా ఇదే కొనమంటాను.

బోరు నీటి మరకలకు తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, ఆ నీటితో తడిపిన గుడ్డను మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు పరచి, తీసి, వెంటనే కడిగేయాలి. ఆమ్లం లవణాన్ని కరిగిస్తుంది. ఎండిన సిమెంటు తుంపరలకూ ఇదే పనిచేస్తుంది, కాకపోతే ఓపిక ఎక్కువ కావాలి. బ్లేడుతో గీరడం మాత్రం వద్దు. నిమ్మకాయ చెక్కతో రుద్దితే పోతుందని కొందరు చెబుతారు. నిమ్మరసంలో ఆమ్లం ఉన్నా దాని బలం మనకు తెలియదు, చెక్కతో రుద్దడం వేరే నష్టం. టాయిలెట్ క్లీనర్ లాంటి బలమైన ఆమ్లాలు పెయింటు దరిదాపులకు రాకూడదు. వెనిగర్‌తో కూడా పోని గుండ్రటి మచ్చ ఉంటే, లవణం కరిగిపోయినా అది తినేసిన గుంట మిగిలిందని తెలుసుకోవాలి. దానికి పాలిష్ తప్ప దారి లేదు.

తేనె మంచు జిగురులో ఉండేది ముఖ్యంగా చక్కెర కాబట్టి గోరువెచ్చటి షాంపూ నీటికి కరిగిపోతుంది, పది నిమిషాలు తడిగుడ్డ కప్పి ఉంచితే చాలు. సొన అలా కరగదు. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదితో మచ్చ మీద అద్ది, అర నిమిషం ఆగి, మెల్లగా ఎత్తి, కడగాలి. రెట్టల విషయంలో ఆలస్యమే శత్రువు. అందులోని యూరిక్ ఆమ్లం, పైనుంచి ఎండ వేడి కలిసి రెండు మూడు రోజుల్లోనే క్లియర్ కోటులో మచ్చ పెడతాయి, కాబట్టి తడిగుడ్డ కప్పి నానబెట్టి, గుడ్డతోపాటు ఎత్తేయాలి. తుడవకూడదు, రెట్టలో ఇసుక, గింజలు ఉంటాయి.

ఇవన్నీ అయ్యాక మళ్లీ ప్లాస్టిక్ కవర్‌తో తడమండి. ఇంకా గరుకుగా ఉన్న చోటే క్లే బార్ పని. క్లే అంటే మట్టి కాదు, సాగే గుణం ఉన్న కృత్రిమ పదార్థం, అందులో అతి సన్నని రాపిడి పొడి కలిపి ఉంటుంది. పెయింటు మీద జారుతూ, పైకి పొడుచుకొచ్చిన రేణువులను పట్టి లాగేస్తుంది. ఫైన్ రకం కొనండి, గట్టి రకం ఇంటి పనికి అవసరం లేదు. 40, 50 గ్రాముల ముక్కను చపాతీ పిండిలా చేతిలో మెత్తగా పిసికి, మూడు వేళ్లు పట్టేంత బిళ్లగా ఒత్తాలి. ఎండాకాలంలో అది మరీ మెత్తబడి పెయింటుకు అంటుకుంటుంది, అప్పుడు చల్లటి నీళ్లలో రెండు నిమిషాలు వేసి తీస్తే సరిపోతుంది.

క్లే పనిలో ప్రాణం అంతా జారుడు ద్రవంలో ఉంది. క్లేతో వచ్చే స్ప్రే గానీ, బకెట్ నీళ్లలో కాస్త ఎక్కువ కార్ షాంపూ కలిపి సీసాలో పోసుకున్నది గానీ, రెండడుగుల చదరం భాగం మీద ధారాళంగా చల్లాలి, క్లే ముఖం మీద కూడా చల్లాలి. తరువాత క్లేను దాని బరువుకు మించి నొక్కకుండా, నిలువుగానో అడ్డంగానో సరళరేఖల్లో జరపాలి. గుండ్రంగా తిప్పవద్దు, గీత పడితే గుండ్రటి గీతలను పాలిష్ చేయడం మరీ కష్టం. మొదట్లో క్లే కాస్త పట్టినట్టు, కర్‌కర్‌మని సన్నటి చప్పుడు చేస్తూ కదులుతుంది. అటూ ఇటూ నాలుగైదు సార్లు జరిపాక చప్పుడు ఆగి, గాజు మీద జారినట్టు జారిపోతుంది. అక్కడ పని అయిపోయినట్టే, ఇంకోసారి జరపడం వల్ల ఉపయోగం లేదు. క్లే ముఖాన్ని తిప్పి చూడండి. తెల్లటి బిళ్ల మీద గోధుమ, నలుపు చుక్కలు పొదిగినట్టు కనిపిస్తాయి. ఆ ముఖాన్ని లోపలికి మడిచి, పిసికి, కొత్త ముఖం చేసుకుని పక్క భాగానికి వెళ్లాలి. బానెట్ అంతటికీ ఇలా ఎన్నిసార్లు మడవాలన్నది మురికిని బట్టి ఉంటుంది, అనుమానం వచ్చినప్పుడల్లా మడవండి.

క్లే కింద పడితే దాన్ని ఇక వాడకూడదు. కడిగినా పనికిరాదు, అంటుకున్న ఇసుకరేణువు లోపలికి దిగిపోయి ఉంటుంది. అందుకే ముక్కను ముందే రెండుగా తుంచి, ఒకదాన్ని డబ్బాలో దాచుకోవడం మంచిది. మెరుపు లేని మ్యాట్ పెయింటు మీద క్లే వాడకూడదు, మెరుపు మచ్చలు పడతాయి. సిరామిక్ కోటింగ్ వేయించిన కారు మీద క్లే ఆ కోటింగ్‌నే దెబ్బతీస్తుంది కాబట్టి ఇనుప రజను స్ప్రేతో ఆపేయండి. కొత్తగా పెయింటు వేయించిన భాగం పూర్తిగా గట్టిపడేదాకా, పెయింటరు చెప్పిన గడువు గడిచేదాకా దీని జోలికి పోవద్దు. నల్ల కార్ల మీద ఎంత జాగ్రత్తగా చేసినా కొద్దిపాటి మసక రావచ్చు, ఆ మసకకు సన్నని ఫినిషింగ్ పాలిష్‌ను చేత్తో వేస్తే చాలు, మెషీన్, రఫ్ కాంపౌండ్ అవసరం ఉండదు.

అంతా అయ్యాక కారును మరోసారి షాంపూతో కడిగి, చివర మంచి నీళ్లు పోసి, ఒత్తైన మైక్రోఫైబర్ టవల్‌ను పెయింటు మీద పరచి లాగుతూ ఆరబెట్టాలి. ఇప్పుడు పెయింటు మీద పాత వ్యాక్స్ ఏమీ మిగలలేదు, అది పూర్తిగా ఉత్తది. ఈ స్థితిలో వదిలేస్తే తరువాతి వారం పడే ప్రతి రెట్టా, ప్రతి బోరు నీటి చుక్కా నేరుగా క్లియర్ కోటును పట్టుకుంటాయి. కాబట్టి అదే రోజు వ్యాక్స్ గానీ, అలాగే రక్షణ పొరగా పనిచేసే సీలెంట్ గానీ పలుచగా పూసి, సీసా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో తుడిచేయాలి. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకోవడం పొరపాటు, ఎక్కువైనదంతా తుడుపులోనే పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు ముందొకసారి ఈ వ్యాక్స్ వేసుకుంటే ఆ మూడు నెలలూ మురికి కరుచుకోవడం బాగా తగ్గుతుంది. కరిగించే పని అవసరమైనప్పుడల్లా చేయవచ్చు గానీ క్లే మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి వద్దు.

వాడిన మైక్రోఫైబర్ గుడ్డలను ఇంట్లోని నూలుబట్టలతో కలిపి ఉతకవద్దు, నూలు పోగులు వాటికి పట్టుకుంటాయి. ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా వేయకూడదు. తారు, కిరోసిన్ తగిలిన గుడ్డలను వేరుగా ఆరుబయట ఆరబెట్టి పారేయండి. మిగిలిన క్లేను దాని డబ్బాలో రెండు చుక్కల స్ప్రే వేసి మూత పెడితే ఎండిపోకుండా ఉంటుంది. ఎంత మడిచినా శుభ్రమైన ముఖం దొరకనంతగా బూడిదరంగు పట్టిన క్లేను పెయింటు మీద వాడకండి, దాన్ని అద్దాలకు కూడా కాకుండా నేరుగా చెత్తలో వేయడమే మంచిది.